నటనకు లక్షణము: భానుమతీ రామకృష్ణ చరిత్రము

తమిళభాషయందు వ్యాకరణమునకు “ఇలక్కణ” మని పేరు. ఇది సంస్కృత “లక్షణ” శబ్దమునకు వికృతి యని భాషాశాస్త్రజ్ఞు లెఱుగుదురు. మనవారును వ్యాకరణచ్ఛందోలంకారములను దెలుపు గ్రంథములను లక్షణగ్రంథము లనియే వ్యవహరింతురు. తమిళ రచయితయు, 1967 మొదలు 1969 వఱకు మద్రాసు రాష్ట్రమునకు ముఖ్యమంత్రియు నయిన అణ్ణాదురై, తెలుగునాట బుట్టి తమిళచిత్రములలోను బేరు వడసిన యొక నటిని నటనకు ఇలక్కణ మని ప్రశంసించెను. ఆ నటి శ్రీమతి భానుమతీ రామకృష్ణ. పొగడ్తగా నొసగిన బిరుదమును వైయాకరణుడు పట్టుకొని విచారించుట హాస్యాస్పదమని కొందఱు తలంపవచ్చును. అయినను భాష్యకారుడు పస్పశాహ్నికమునందు వ్యాకరణమన నేమి యని ప్రశ్నించి, సూత్రములు మాత్రమే కాక సూత్రములకు విషయములగు శబ్దములును గూడినదే వ్యాకరణమని తేల్చినాడు. లక్ష్యము లేని లక్షణము లేదు. కావున నొక వ్యక్తి లక్షణమని చెప్పబడుటకు ముందు ఆ వ్యక్తి దేనికి లక్ష్యమో తెలియవలయును. భానుమతి దేనికి లక్ష్యము? దీనిని నిరూపించుటయే యీ వ్యాసమునకు బ్రయోజనము.

చలనచిత్రనటి చరిత్రము సాహిత్యపరిశోధకులకు దగిన విషయమా యని మొదట నాక్షేపము రాగలదు. యక్షగానములను, వీథినాటకములను, ధర్మవరము రామకృష్ణమాచార్యుల నాటకములను మనము పరిశోధించుచున్నాము. తెలుగున దొలి మాటలాడుచిత్రమగు “భక్తప్రహ్లాద” ఆ ధర్మవరమువారి నాటకమునుండియే, సురభి నాటకసమాజమువారి ప్రదర్శనము నాధారముగా గొని, హెచ్. ఎమ్. రెడ్డి దర్శకత్వమున వెలువడెను. రంగస్థలమున నాటకమునకు గల చరిత్రమును వ్రాసి, తెఱపై దానికి గల చరిత్రమును విడుచుట న్యాయము కాదు. మఱియొక కారణమును గలదు. ఆ చిత్రము 1931 సెప్టెంబరు 15 న విడుదలయైనదని చిరకాలము వాడుక. తరువాతి పరిశోధనమువలన నది 1932 ఫిబ్రవరి 6 న బొంబాయిలో విడుదలయైనదని తేలినది. ఒక్క శతాబ్దమైనను గడవకమునుపే తిథులిట్లు తాఱుమాఱగుచుండగా, ఎవరు పాడిరి, ఎవరు నటించిరి యను విషయములు మాత్రము నిలుచునని నమ్మజాలము.

ఎవరు పాడిరి, ఎవరు నటించిరి యని రెండుగా నడుగవలసి వచ్చుటయే ప్రకృతవిషయమునకు మూలము. భరతముని అభినయమును ఆంగికము, వాచికము, ఆహార్యము, సాత్త్వికము నని నాలుగు విధములుగా విభజించి, వాక్కు నాట్యమునకు దేహము వంటిదని చెప్పెను. విభాగము బోధకొఱకే, ప్రయోగమున నాలుగును ఒక్క నటునియందే యుండవలయును. కూచిపూడి భామాకలాపమున సత్యభామ పాత్రధారి తన దరువు తానే పాడును, తానే యాడును. సూత్రధారుడు వెనుకనుండి తోడ్పడును. తోలుబొమ్మలాటలో మాత్రమే రూపమొకటి, గొంతు వేఱొకటి.

తొలి మాటలాడుచిత్రములలో బింబమును, ధ్వనియు నేకకాలమున గ్రహింపబడుచుండెను. నటి పాడుచుండగనే కెమేరా తిరుగవలయును. వాద్యగాండ్రు చిత్రమున గానరాని చోట నిలిచి వాయింపవలయును. ఒక్క యపస్వరము దొర్లినను దృశ్యమెల్ల మఱల దీయవలసినదే. కావున ఆ కాలమున నటికి గానము వచ్చుట అలంకారము కాదు, అర్హత. 1935 లో కలకత్తా న్యూ థియేటర్సువారు నితిన్ బోస్ దర్శకత్వమున దీసిన “భాగ్యచక్ర” యను వంగచిత్రమునందును, “ధూప్ ఛావ్” అను దాని హిందీ రూపమునందును, పాటను ముందుగా ముద్రించి పిమ్మట నటులచే పెదవులు కదలింపజేయు పద్ధతి ప్రవేశించెను. తెలుగున 1943 నాటి “భాగ్యలక్ష్మి” చిత్రమున నటి కమలా కోట్నిసునకు రావు బాలసరస్వతీదేవి పాడుటతో నేపథ్యగానము మొదలైనదని ప్రసిద్ధి. నాటినుండి దేహమొకరిది, కంఠమొకరిది యగుట క్రమముగా నియమమాయెను. ఈ మాఱుటకు ముందు చిత్రసీమకు వచ్చి, మాఱిన పిమ్మట నాలుగు దశాబ్దములు తన కంఠమును, దేహమును వేఱుపడనీయక నిలిచినది భానుమతి.

ఈమె 1925 సెప్టెంబరు 7 న ఒంగోలు ప్రాంతమునందలి దొడ్డవరము గ్రామమున జన్మించెను. ఆ ప్రాంతము నాడు గుంటూరు జిల్లాలోనిది. నేడు ప్రకాశము జిల్లా. తండ్రి బొమ్మరాజు వెంకటసుబ్బయ్యగారు, తల్లి సరస్వతమ్మగారు. తండ్రి సంగీతప్రియుడు, కుమార్తెకు బాల్యముననే కర్ణాటకసంగీతమును నేర్పించెను. గౌరవగృహముల బాలికలు సినిమాలకు బోవుట నింద్యముగా దలచుచున్న దినము లవి. అయినను 1939 లో సి. పుల్లయ్యగారు “వరవిక్రయ” చిత్రమునకు నటిని వెదకుచు ఈ బాలికను గ్రహించిరి. పురుషపాత్రధారు లెవ్వరును తన కుమార్తెను తాకరాదని తండ్రి నియమ మేర్పఱచి యొప్పుకొనెనని ప్రసిద్ధి. అప్పటికి ఆమె యింకను బాలికయే.

“వరవిక్రయము” కాళ్లకూరి నారాయణరావుగారి నాటకము. కట్నపు దురాచారమును ఖండించునది. పురుషోత్తమరావుగారికి కాళింది, కమల యను ఇద్దఱు కుమార్తెలు. తన వివాహమునకై తండ్రి ఆస్తి నమ్ముకొనుట సహింపలేక కాళింది ప్రాణములు విడుచును. చెల్లెలగు కమల, వెలపెట్టి కొన్న వరుడు తమ యింటికే రావలయునని వాదించి లోభియగు సింగరాజు లింగరాజునకు బుద్ధి చెప్పును. ఈ చిత్రమున కమలగా పుష్పవల్లియు, కాళిందిగా భానుమతియు నటించిరి. ఆడుదాని బ్రదుకు పరుల బేరమునకు లోబడుట యెంత ఘోరమో చూపు పాత్రముతో భానుమతి నటజీవితము మొదలైన దను మాట పాఠకులు గుర్తుంచుకొనవలయును. మఱుసటియేట, అనగా 1940 లో, భవభూతి ప్రకరణమునకు తెఱరూపమగు “మాలతీమాధవము”న నీమె నాయికయయ్యెను. పిమ్మట “ధర్మపత్ని” (1941), “కృష్ణప్రేమ” (1943) మొదలగు చిత్రములు వచ్చినవి.

“కృష్ణప్రేమ” చిత్రమునకు సహాయదర్శకుడుగా నుండిన పి. ఎస్. రామకృష్ణారావుగారిని ఈమె 1943 లో వివాహమాడెను. వివాహానంతరము నటన మాని గృహిణిగా నుండవలయునని ఈమె సంకల్పము. వాహినీ సంస్థకు చెందిన బి. ఎన్. రెడ్డిగారు “స్వర్గసీమ”కై యీమెను మరల్చి తెచ్చిరి. 1945 లో వెలువడిన ఆ చిత్రమున ఈమె పాత్రము సాధ్వి కాదు. వీథిలో పాడుకొను యువతి రంగస్థలనటిగా పైకివచ్చి, భార్యగల యొక సంపాదకుని మోహింపజేయును. పావురమును సంబోధించుచు ఆ పాత్రము పాడు గీతము భానుమతి పేరును దక్షిణదేశమెల్ల మ్రోగించెను. ఆ పాటలో శాస్త్రీయ గమకము నంటిపెట్టుకొని పాశ్చాత్యధోరణియు నున్నది. రెండింటికి నడుమ ఆమె నవ్వును, విసురును, కవ్వింపును గలవు. వీనిలో గానమెంత, నటన యెంత యని విడదీయ నెవ్వరి తరమును గాదు.

ఇచట నొక విశేషము. ఈ “స్వర్గసీమ”యందే ఘంటసాల వేంకటేశ్వరరావుగారు భానుమతితో గలిసి నేపథ్యమున పాడి, చిత్రగానమున దొలి యడుగు వేసిరి. అనగా తెలుగు నేపథ్యగానమునకు శిఖరమనదగిన గాయకుని తొలి గీతమున, నేపథ్యము నవలంబింపని గాయనీనటి భాగస్వామిని. రెండు మార్గములును ఒక్కచోట గలిసికొని, అక్కడనుండి వేఱైనవి.

1951 నాటి “మల్లీశ్వరి”లో ఈ భేదము స్పష్టమగును. దర్శకుడు బి. ఎన్. రెడ్డిగారే. మాటలు, పాటలు దేవులపల్లి కృష్ణశాస్త్రిగారివి. సంగీతము సాలూరి రాజేశ్వరరావుగారిది. కథ కృష్ణదేవరాయల కాలమునకు చెందినది. బావామఱదండ్రయిన నాగరాజు, మల్లీశ్వరి యొకనాడు వానకు తడియుచు సత్రమున దల దాచుకొందురు. మాఱువేషమున నున్న రాయలని యెఱుగక నాగరాజు పరిహాసమునకు, మల్లికి పల్లకి పంపుమని వేడును. పల్లకి నిజముగనే వచ్చును. మల్లి రాణివాసమునకు జేరును. ప్రేయసీప్రియులకు వియోగము గలుగును. పల్లెలో చెట్టునీడ పాడిన కంఠమే రాణివాసమున పాడవలయును. గొంతు మాఱరాదు, గొంతులోని బరువు మాఱవలయును. మల్లి మాటలాడునపుడు వినబడిన నిట్టూర్పే పాట యెత్తుగడలోను వినబడును. నాగరాజుగా నటించిన నందమూరి తారకరామారావుగారికి మాత్రము పాటలలో కంఠము ఘంటసాలవారిది. ఒక్క తెఱపై నొకరిది స్వకంఠము, ఒకరిది ఎరవు కంఠము.

1954 నాటి “విప్రనారాయణ”యు నిట్టిదే. ఇది భానుమతీరామకృష్ణుల సొంతసంస్థయైన భరణీ పిక్చర్సువారి చిత్రము, దర్శకుడు రామకృష్ణారావుగారు. తొండరడిప్పొడి యాళ్వారుగా ప్రసిద్ధుడైన విప్రనారాయణుని కథను సారంగు తమ్మయ “వైజయంతీవిలాసము”గా రచించుట మన పండితు లెఱిగినదే. చిత్రమున విప్రనారాయణుడు అక్కినేని నాగేశ్వరరావుగారు; ఆయనకు పాడినది ఏ. ఎమ్. రాజా. నాగేశ్వరరావుగారును తొలిచిత్రములలో స్వయముగా పాడినవారే, పిమ్మట మానిరి. దేవదేవిగా భానుమతి తానే పాడెను. భక్తుని వ్రతము చెఱుపుదునని పంతమాడి వచ్చిన వేశ్య, కడకు తానే భక్తురా లగును. ప్రలోభపు గీతమును, పశ్చాత్తాపపు గీతమును ఒక్క గొంతు పలుకగా, మాఱినది మనసే కాని మనిషి కాదని వినువారికి దెలియును. ఆ యేడు తెలుగుచిత్రములలో దీనికి రాష్ట్రపతి ప్రశంసాపత్రము లభించెను.

ఇక పూర్వపక్షము. నేపథ్యగానము దోషమని యెట్లనవచ్చును? 1955 లో వచ్చిన “మిస్సమ్మ”ను జూడుడు. ఆ నాయికపాత్రమునకు మొదట నిర్ణయింపబడినది భానుమతియే. కొంతభాగము చిత్రీకరణమును జరిగెను. నిర్మాత చక్రపాణిగారితో నభిప్రాయభేదము రాగా ఈమె తొలగెను. ఆ పాత్రము సావిత్రికి లభించెను. అది సంగీతము నేర్పు యువతి పాత్రము. సావిత్రి నటింపగా పి. లీల పాడెను. సావిత్రి ముఖమునకు లీల కంఠ మతుకలేదని నేటివఱకు నన్నవారు లేరు. పైగా, గానము రాని గొప్ప నటులకును, రూపములేని గొప్ప గాయకులకును నేపథ్యపద్ధతియే జీవిక చూపినది. ఆ పద్ధతి లేకున్న ఘంటసాల లేడు, లీల లేదు, సుశీల లేదు. కాబట్టి రెండును ఒక్కరియందే యుండవలయుననుట మూఢనిర్బంధమని పూర్వపక్షి వాదించును.

ఈ వాదము బలమైనదే. వ్యాకరణపరిభాషలో చెప్పవలయునన్న, నేపథ్యకంఠము ఆదేశము వంటిది. నటి కంఠము స్థాని. స్థానికి వచ్చు కార్యములన్నియు ఆదేశమునకును వచ్చునని పాణిని యనుమతించెను. కాని యా యనుమతికి ఆయనయే యొక హద్దు పెట్టినాడు: కార్యము వర్ణము నాశ్రయించి యున్నచో, అనగా ధ్వనియే ప్రధానమైనచో, ఆదేశము స్థానివలె గాదు. ఈ హద్దు మన విషయమునకును సరిగా నతుకును. కథ నడపుటకు, రాగము వినిపించుటకు, భావమును సామాన్యముగా దెలుపుటకు పరకంఠము చాలును. మాటనుండి పాటలోనికి జాఱు క్షణమున, పాట మధ్యమున నూపిరి తెగుచోట, ఒక్క యక్షరమును నొక్కిపలుకుటలోనే పాత్రస్వభావము తెలియవలసిన చోట, ధ్వనియే ప్రధానము. అచట ఆదేశము పనికిరాదు. లీలాసావిత్రుల మేళనము సుందరమే. కాని మాట ముగిసి పాట మొదలగు చోట సన్నని యతుకు ఆలకించు చెవికి దెలియకపోదు. భానుమతి చిత్రములలో ఆ యతుకు లేదు. ఆమెయు పాటను ముందుగా ముద్రించి, తరువాత నటించునదే. యంత్రపద్ధతి అందఱకు నొక్కటియే. భేదము పద్ధతిలో లేదు, వ్యక్త్యేకత్వమున నున్నది. ఇదియే ఆమె లక్ష్యమైన విషయము.

ఈ యేకత్వమువలన గలుగు ఫలము కళకు మాత్రమే చెందినది కాదు. ఎరవు కంఠముల తొలినాళ్లలో ఆ కంఠము గలవారికి పేరైనను దక్కలేదు. 1949 నాటి “మహల్” అను హిందీచిత్రపు ప్రసిద్ధగీతము మొదట గ్రామఫోను పలకపై గాయని లతా మంగేష్కరు పేరు లేక, “కామిని” యను పాత్రము పేరుతోనే వెలువడెను. పాడినది స్త్రీ, నటించినది స్త్రీ, పేరు మాత్రము కల్పితవ్యక్తిది. కంఠము వేఱగుట స్వామ్యము వేఱగుటకు దారియని దీనివలన దెలియును. అందుకు ప్రతిగా మన గాయనీనటులు మూడు దారులు ద్రొక్కిరి. బాలసరస్వతీదేవి నటన మాని గాయనిగా మిగిలెను. టంగుటూరి సూర్యకుమారి పరదేశమునకు బోయి లండనున స్థిరపడెను. భానుమతి రెండును విడువక మద్రాసులోనే నిలిచి, దర్శకురాలును, నిర్మాతయు నయ్యెను.

1953 లో “చండీరాణి” చిత్రమును ఈమె తానే దర్శకత్వము వహించి తెలుగు, తమిళము, హిందీ భాషలలో దీసెను. అందు తాను ద్విపాత్రాభినయమును జేసెను. తెలుగుచిత్రములకు దర్శకత్వము వహించిన తొలి స్త్రీగా ఈమెను లెక్కింతురు. కథ, నటన, గానము, దర్శకత్వము ఒక్క స్త్రీ చేతిలో నుండుట ఆ కాలమున నెంత యపూర్వమో వేఱుగ జెప్పనక్కఱలేదు. పాణిని కర్తకు స్వాతంత్ర్యమే లక్షణమని చెప్పెను. చిత్రసీమలో నటి తఱచుగా కర్మము, కొన్నియెడల కరణము. పరులు వ్రాసిన మాటను, పరులు పాడిన పాటను, పరులు చూపిన చోట నిలిచి మోయునది. భానుమతి కర్త. “మిస్సమ్మ” విడిచి వచ్చుటయు, గర్విష్ఠి యను పేరు తెచ్చుకొనుటయు ఈ కర్తృత్వమునకు జెల్లించిన వెలయే. ఆ వెల చిన్నది కాదు. అట్టి పాత్రము మఱలి వచ్చునది కాదు. సావిత్రి యశమునకు “మిస్సమ్మ”యే సోపానమాయెను.

ఈ స్వాతంత్ర్యము ఆమెకు పుట్టుకతో వచ్చినది కాదను మాటను గూడ మఱువరాదు. తొలుత ఆమెను చిత్రసీమకు దెచ్చినది తండ్రి యిచ్ఛ. విరమింపనెంచినపుడు మరల్చినది దర్శకుని కోరిక. తండ్రి పెట్టిన నియమముతో మొదలైన బాలిక తన నియమములు తానే యేర్పఱచుకొను స్థితికి వచ్చుటకు కంఠమే యాధారమయ్యె నని మా యభిప్రాయము. రూపము వయస్సుతో బోవును. పాత్రములు నిర్మాతల చేతిలోనివి. విద్య మాత్రము తనది. అందువలననే 1984 లో వచ్చిన “మంగమ్మగారి మనవడు”లో అమ్మమ్మ వయస్సు పాత్రమునందును ఆమె తన పాట తానే పాడగలిగెను. “వరవిక్రయము” నాటికిని దీనికిని నడుమ 45 ఏండ్లు.

గ్రంథరచనయందును ఇదియే గుణము గానవచ్చును. ఈమె రచించిన “అత్తగారి కథలు” హాస్యరచనలు. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ పురస్కార మందినవి. అవి వాడుకభాషలో నున్నవి. గ్రాంథికవాదినగు నాకు భాషావిషయమున భేదమున్నను, ఆ కథలలోని అత్తగారి పలుకు చదువునపుడు చెవికి వినబడునని యొప్పుకొనక తప్పదు. తెఱపై మాటను, పాటను వేఱుచేయని యామె పుటపై మాటను, మనిషిని వేఱుచేయలేదు. పద్మశ్రీ (1966), పద్మభూషణ్ (2001) బిరుదములు గౌరవచిహ్నములు. మద్రాసు ప్రభుత్వ సంగీతకళాశాలకు అధిపతిగా నుండుట విద్యకు లభించిన మన్నన. స్వీయచరిత్రమునకు ఆమె “నాలో నేను” అని పేరు పెట్టెను. ఆ గ్రంథము చలనచిత్రవిషయక గ్రంథములలో ఉత్తమమని జాతీయపురస్కారము నందెను. పేరునందలి రెండు పదములును ఉత్తమపురుష సర్వనామమే. ఒకటి ఆధారము, ఒకటి ఆధేయము. రెండును ఒక్క వ్యక్తియే. కంఠమును, దేహమును గూర్చి మేమింతసేపు చెప్పినది ఆ పేరులోనే యున్నది.

2005 డిసెంబరు 24 న చెన్నపట్టణమున భానుమతి పరమపదించెను. ఆమెకు సమకాలికురాలగు సూర్యకుమారియు ఆ యేడే యేప్రిలు మాసమున మరణించెను. బాలసరస్వతీదేవి 2025 అక్టోబరున దివంగతురాలాయెను. తెలుగు తెఱపై తన పాట తాను పాడిన తొలితరము దీనితో దాదాపుగా ముగిసినది. చిత్రశాలలయొద్ద నమ్మిన పాటలపుస్తకములు, గ్రామఫోను పలకలు ఇంకను గొన్ని యిండ్ల యటకలమీద నుండక పోవు. పాఠశాలాపండితులు తమ యూళ్లలో వానిని వెదకి, ఏ పాట యెవరి కంఠమో, ఏ రూపమెవరిదో విడివిడిగా గుర్తించి వ్రాసియుంచిరేని, రాబోవు పరిశోధకునకు లక్ష్యము దొరకును. లక్ష్యము దొరకినచో లక్షణము వ్రాయువారు పుట్టకపోరు.